ఎవరూ ఇటు చూడని పుస్తకం

నిన్న మధ్యాహ్నం ప్రెస్ నుంచి ప్రూఫు వచ్చింది. కాశీబుగ్గలోని నా స్టూడియో అంతా కొత్త సిరా వాసన. ఇన్నాళ్ళూ పెళ్ళి ఆల్బమ్‌లు తప్ప మరోటి ఎరగని నాకు, ఉద్దానం మనుషుల మీద ఫొటోల పుస్తకం వేయాలన్న కోరిక ఎందుకు పుట్టిందో గాని, మా ఆవిడ దాన్ని చాదస్తాల లెక్కలోనే వేసింది. పేజీలు తిప్పుతూ పోయి, మా మేనత్త ముఖం దగ్గర ఆగిపోయాను.

మొదట చేసిన నమూనాలో ఆ ముఖం లేదు. జీడితోటలు, కొబ్బరి నీడలు, ఇసుకలో వలలు లాగే వీపులు. దాన్ని పట్టుకుని విశాఖలో ఫొటోగ్రఫీ నేర్పే ఒక మేడంగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ తాపీగా అన్నీ చూసి, "వెలుతురు బాగా పట్టారు. కానీ ఒక్కరూ ఇటు చూడరేం? అందరూ వెళ్ళిపోతున్నట్టున్నారు. ముఖాలంటే మీకు భయమా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పెళ్ళిళ్ళలో నేను తీసినన్ని ముఖాలు ఈవిడ చూసి ఉంటుందా అని రైల్లో గొణుక్కుంటూ వచ్చాను. పలాసలో దిగేసరికి కోపం చల్లారి, భయం మిగిలింది. మా ఉద్దానంలో ఊరూరా ఉన్న కిడ్నీల జబ్బే మా నాన్నకూ వచ్చిందని తెలియక ముందు, పొద్దున్నే ఆయన కళ్ళ కింద ఉబ్బు కనిపించేది. నిద్ర ఎక్కువైందని నవ్వుకునేవాళ్ళం. ఆయన పోయాక మా ఊళ్ళలో ఏ ముఖం చూసినా నా కళ్ళు ముందు ఆ ఉబ్బునే వెతికేవి. అందుకే అందరినీ వెనక నుంచి తీసి, అది కళ అనుకున్నాను.

మరుసటి వారం మేనత్త ఇంటికి వెళ్ళాను. జీడిపప్పు ఒలిచి ఒలిచి నల్లబడ్డ వేళ్ళతో జుట్టు సర్దుకుని, గుమ్మంలో కూర్చుంది. కెమెరాలోంచి చూశాను. కళ్ళ కింద ఉబ్బు. కెమెరా దించేశాను.

"ఏట్రా, దెయ్యాన్ని సూసినట్టు సూత్తన్నావు? తియ్యి."

"అత్తా, కళ్ళేటి అలా ఉబ్బిపోనాయి?"

అత్త నవ్వలేదు. "నాకు అద్దం లేదనుకున్నావేటి? పరీచ్చకెల్తే జబ్బుకి పేరెట్టేత్తారు. పేరెట్టీసినాక ఇంక నిద్దరుండదురా."

పరీక్షకు రమ్మని చాలాసేపు బతిమాలాను. చివరికి ఒకే మాట అంది: "నువ్వూ రగతం ఇత్తావా? నువ్విత్తే నానిత్తాను."

నాన్న పోయాక నేనూ ఆ పరీక్ష జోలికి వెళ్ళలేదు. అయినా సరేనన్నాను. ముందు ఫొటో తీశాను.

పలాస ఆసుపత్రిలో ఇద్దరం ఒకే బల్ల మీద రిపోర్టుల కోసం కూర్చున్నాం. అత్త నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. లోపల్నించి పేరు పిలిచినప్పుడల్లా ఆ పట్టు బిగిసేది. నాది బాగానే ఉంది. ఆ మాట విని ఊపిరి పీల్చుకున్నందుకు, పక్కనున్న అత్త ముఖం చూడలేకపోయాను. అత్తకు జబ్బు మొదలైంది. తొందరగానే వచ్చారు, మందులతో నెట్టుకురావచ్చు అన్నాడు డాక్టరు.

ఫొటో అచ్చు తీసి అత్తకే ముందు చూపించాను. వద్దంటే చింపేద్దామనుకున్నాను. "కళ్ళు బాగోనేవు. అయినా ఉంచు. నానెవుల్నీ తప్పించుకుని పోతన్నట్టు నేదు" అంది. ఆ తర్వాత మిగతావాళ్ళనీ అడిగి, ఎదురుగా కూర్చోబెట్టి తీశాను. మళ్ళీ తీసుకెళ్ళి చూపిస్తే, పాత వీపుల్లో చాలావాటిని మేడంగారు మొహమాటం లేకుండా తీసేయించారు.

పుస్తకంలో అత్త వయసు ఇక పెరగదు. బయట అత్తకు మాత్రం మళ్ళీ పరీక్ష రోజు దగ్గరపడుతోంది.