పాత డబ్బాలో తొమ్మిది

నా చిన్నప్పుడు మా ఇంటి వాకిట్లో ఒక మోటారు సైకిలు ఆరు రోజులు ముక్కలుగా పడి ఉంది. ఆదివారం పొద్దున విప్పారు, మళ్లీ శనివారం పొద్దున బిగించడం మొదలుపెట్టారు. శ్రావణ మాసం, వాన తెరిపి లేని రోజులు. నాకు పదేళ్లు, అయిదో తరగతి. ఇంతవరకు కచ్చితంగా చెప్పగలను. తారీఖు మాత్రం చెప్పలేను.

మా బాపు జహీరాబాద్‌లో పశువుల దవాఖాన కాంపౌండరు. న్యాల్‌కల్ వైపు, మొగుడంపల్లి వైపు ఊళ్లకు పోయి పశువులకు సూదులు వేసేవాడు. ఆ బండి కొన్నప్పుడు మామూలు రోడ్డు బండే. కాని ఆ ఊళ్లకు రోడ్డు ఎక్కడుంది? పెద్దరోడ్డు దిగితే ఎడ్లబండ్ల బాటలు, వాగులు, కాలి చెప్పును లాగేసుకునే నల్లరేగడి. అందుకని పక్కింటి చాచా ఆ బండిని మా వాకిట్లోనే కొంచెం కొంచెంగా మార్చాడు. వాగు నీళ్లు లోపలికి పోకుండా పొగగొట్టాన్ని వంచి పైకెత్తాడు. మట్టి ఇరుక్కుని ముందు చక్రం పట్టేయకుండా దాని మీది రేకును నాలుగు వేళ్లు పైకి జరిపాడు. వెనక పెద్ద పళ్లచక్రం వేశాడు. దాంతో వేగం తగ్గింది కాని బురదలో లాగే బలం వచ్చింది.

చాచా అల్లం తోటలకూ చెరకు తోటలకూ నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్ల మిస్త్రీ. ఆయన పనికి ఒక పద్ధతి ఉండేది. ముందు పాత దుప్పటి పరిచేవాడు. దాని మీద రెండు రేకు డబ్బాలు పెట్టేవాడు. బండికి తిరిగి పోయేవి ఒక డబ్బాలోకి, అరిగిపోయి పారేయవలసినవి రెండో డబ్బాలోకి. రెండింటికీ లెక్క ఉండాలనేవాడు. పారేసే వాటికి లెక్క ఎందుకని నేను అడిగితే, పాతది బయట ఉందని తెలిస్తేనే లోపల లేదని తెలుస్తుందని చెప్పాడు. నాకు అప్పుడు ఆ మాట అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను.

ఈసారి ఇంజను విప్పవలసి వచ్చింది. పిస్టన్ అరిగి బండి లాగడం మానేసింది. ముందటి వారం న్యాల్‌కల్ అవతల ఒక ఊళ్లో పశువులకు గొంతువాపు రోగం వచ్చిందని కబురు వస్తే బాపు బయలుదేరాడు. బండి సగం దారిలో రేగడిలో చచ్చిపోయింది. ఆయన దాన్ని తోసుకుంటూ సాయంత్రానికి ఇల్లు చేరాడు. ఆ తరువాతి మూడు రోజుల్లో ఆ ఊళ్లో ఏడు బర్రెలు చచ్చిపోయాయి. ఆ ఏడింటి సంగతి బాపు ఇంట్లో ఒక్కసారే చెప్పాడు. ఆ తరువాత వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

లెక్క నా పని. బళ్లో లెక్కలకు నాకు మంచి పేరుండేది. తీసినవన్నీ చూసి, లెక్కపెట్టి పలక మీద రాయాలని చాచా నాకు అప్పగించాడు. మంచి డబ్బా లెక్క నేను బాగానే రాశాను, ముప్పయి ఒకటి. పాత డబ్బా దగ్గరే తప్పు చేశాను. చాచా పిస్టన్ తీస్తున్నప్పుడు, బొంబాయి రోడ్డు మీద లారీ బురదలో దిగబడిందని, రెండు జతల ఎడ్లను కట్టి లాగుతున్నారని ఎవరో అరిచారు. నేను పలక పెట్టేసి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి పాత సామానంతా డబ్బాలో పడి ఉంది. నేను డబ్బాలోకి చూడలేదు. మనసులోనే కూడుకున్నాను. పిస్టన్ ఒకటి, దాని రింగులు రెండు, అడ్డంగా పోయే పిన్ను ఒకటి, పిన్ను జారకుండా రెండు చివరలా ఉండే తీగ లాకులు రెండు, బుష్షు ఒకటి, సిలిండరుకు పైనా కిందా వేసే అట్టలు రెండు. మొత్తం తొమ్మిది. పలక మీద తొమ్మిది అని రాశాను. అది ఉండవలసిన సంఖ్య. ఉన్న సంఖ్య కాదు.

శనివారానికి అన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. హైదరాబాదుకు పంపిన సిలిండరు బోరు కొట్టించుకుని, అంటే లోపలి గోడ చెక్కించుకుని, కొత్త పిస్టన్‌తో పాటు లారీలో వచ్చింది. గొంతువాపు మందు కూడా ఐసుపెట్టెలో వచ్చింది. ఐసు కరిగితే మందు పనికిరాదు. మళ్లీ తెప్పించాలంటే వారం. ఆ పెట్టెను బాపు అరుగు మీద నీడలో పెట్టాడు. దాని మూలలోంచి నీటిబొట్లు పడటం నాకు వాకిట్లోకి వినిపించేది.

"భాయ్, జర జల్ది కానీ," అన్నాడు బాపు. "ఐసు నీళ్లయితుంది."

"నీ ఐసు కోసం ఇంజను తొందరపడదు కాంపౌండర్ సాబ్," అన్నాడు చాచా, తల ఎత్తకుండానే.

మా అమ్మ గడపలో నిలబడి, "వారం దినాలసంది వాకిట్ల కాలు పెట్టనీకె జాగ లేదు. సంసారం చేస్తున్నమో, కార్ఖానా పెట్టినమో తెలుస్తలేదు," అంది. ఎవరూ నవ్వలేదు.

చాచా కొత్త పిస్టన్ తొడిగి, రెండు కొత్త లాకులు వేశాడు. సిలిండరు చేతిలోకి తీసుకుని ఆగాడు.

"బేటీ, పాతవి ఎన్నున్నయి?"

"తొమ్మిది చాచా."

"చూసి చెప్తున్నవా, యాదికి చెప్తున్నవా?"

"చూసే," అన్నాను.

ఆయన నా ముఖం వైపు కొంచెం సేపు చూశాడు. సిలిండరు దింపాడు.

ఆ చూపు నన్ను నిలవనీయలేదు. నేను మెల్లగా దుప్పటి అంచుకు జరిగి పాత డబ్బాను నా ఒళ్లోకి తీసుకున్నాను. లెక్కపెట్టాను. ఏడు. మళ్లీ లెక్కపెట్టాను. ఏడే. ఒక రింగు లేదు, ఒక లాకు లేదు. దుప్పటి కింద తడిమాను, డబ్బా కింద చూశాను. పాతది బయట ఉంటేనే లోపల లేదని తెలుస్తుందన్న మాట అప్పుడు అర్థమైంది.

అప్పుడే చెప్పేయాలి. కాని చెబితే చూశానన్నది అబద్ధమని తేలుతుంది. చాచా మొదటి నట్టు బిగిస్తుంటే, ఇది అయ్యాక చెబుదాం అనుకున్నాను. రెండోది బిగించాడు. ఆ రెండూ వాకిట్లోనే పడి ఉంటాయిలే, కోడి ఏదో ముక్కున కరుచుకుపోయి ఉంటుందిలే అనుకున్నాను. మూడోది. నాలుగోది. పొగగొట్టం తగిలించారు. ట్యాంకు పెట్టి, నూనె కలిపిన పెట్రోలు పోశారు. ఒక్కొక్కటి బిగుస్తున్నకొద్దీ నా మాట ఇంజనులో ఇంకా లోతుకు పోతున్నట్టు ఉంది. బాపు ఐసుపెట్టెను వెనక సీటు మీద పెట్టి తాడుతో కట్టాడు. మూడు చుట్లు చుట్టాడు. బండి ఎక్కి కిక్కు మీద కాలు పెట్టాడు.

నేను పోయి కిక్కును రెండు చేతులతో పట్టుకున్నాను.

"కొట్టకు బాపూ. పాతవి తొమ్మిది లేవు. నేను చూడలేదు."

బాపు కాలు అలాగే ఉండిపోయింది. అరుస్తాడనుకున్నాను. అంతలో చాచా నవ్వడం వినిపించింది. ఆయన అంగీ జేబులోంచి పాత రింగు ఒకటి తీసి నా ముఖం ముందు ఆడించాడు. నేను లారీ చూడటానికి పరుగెత్తడం ఆయన ఆ రోజే గమనించాడట. చూసి రాశానా, ఊరికే రాశానా తెలుసుకోవాలని ముందటి సాయంత్రం ఆ రింగు తీసి దాచాడట.

"ఎనిమిదని చెప్పనీకె ఇంత సేపా బేటీ? బాపు కాలు లేపిందాక?"

"ఎనిమిది కాదు చాచా," అన్నాను. "ఏడు."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఒక మనిషి ముఖంలోంచి రంగు దిగిపోవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే. డబ్బాను దుప్పటి మీద బోర్లించి, ఒక్కొక్కటి వేలితో పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. జేబులోది కలిపితే ఎనిమిది. పాత లాకు ఒకటే ఉంది.

"పాత లాకే కద భాయ్," అన్నాడు బాపు. "ఎక్కడనో ఎగిరి పడి ఉంటది. నేను పోత."

"ఎక్కడనో అంటే ఇంజన్ల గూడ పడొచ్చు సాబ్. లోపలుంటే వాగు దాక గూడ పోవు. పోయిన వారం లెక్కనే తోసుకుంట వస్తవు."

బాపు ఐసుపెట్టె వైపు చూశాడు. దాని కింద సీటంతా తడిగా ఉంది. పోయిన వారం తోసుకుంటూ వచ్చిన బండి, ఆ ఏడు బర్రెలు ఆయన కళ్లలో కనబడ్డాయి నాకు. ఒకవేళ లాకు లోపల లేకపోతే ఈ ఆలస్యమంతా ఊరికే పోతుంది. ఉంటే, ఇప్పుడు విప్పకపోతే ఊరికి ఎప్పటికీ చేరడు. ఏదీ తెలియదు, తెలియకపోవడానికి కారణం నేను. బాపు తాడు విప్పి పెట్టెను దింపాడు. అమ్మ గోనెసంచి తెచ్చి దానికి చుట్టింది.

చాచా మళ్లీ నాలుగు నట్లూ విప్పాడు. సిలిండరూ పిస్టనూ తీస్తే ఇంజను నోరు తెరుచుకుంది. లోపల చీకటి, నూనె. వేలికి ఏమీ తగల్లేదు. పెట్రోలంతా వంచేసి, బాపు ఒక వైపు, చాచా ఒక వైపు, అమ్మ చీర కొంగు దోపుకుని హ్యాండిల్ దగ్గర పట్టుకుని, ముగ్గురూ కలిసి బండిని తలకిందులు చేశారు. కింద ఇత్తడి తాంబాళం పట్టుకోవడం నా వంతు. చాచా పక్కనుంచి లోపలి చక్రాన్ని మెల్లగా తిప్పాడు. నూనె పడింది. ఇంకొంచెం తిప్పాడు. మళ్లీ నూనె. మూడోసారి తిప్పగానే తాంబాళంలో టింగుమని చిన్న చప్పుడైంది.

చింతగింజంత తీగ. ఉంగరంలా వంగి, నల్లగా, నూనెలో.

బండిని నిలబెట్టాక చాచా దుప్పటి మీద కూలబడ్డాడు. నన్ను దగ్గరికి పిలిచాడు. తిడతాడని తలవంచుకుని పోయాను.

"లాకు తీసేటప్పుడు ఇంజను నోట్లె గుడ్డ కుక్కాలె. నేను ఆ గుడ్డ గుంజి చేతులు తుడుసుకున్న. లాకు అప్పుడే పడ్డది," అన్నాడు. "నీ పలక మీద తొమ్మిది చూసి నేను ఫికర్ చెయ్యలే. నా చెయ్యి చూసి నువ్వు ఫికర్ చెయ్యలే. నిన్న రింగు తియ్యనీకె డబ్బల చెయ్యి పెట్టిన గని కండ్లు పెట్టలే. నీకు పరీక్ష పెట్టిన, నేనే ఫెయిలయిన."

యాభై దాటిన మిస్త్రీ, పదేళ్ల పిల్ల ముందు తన తప్పు వరుసగా చెప్పాడు. నా అబద్ధం గురించి ఒక్క మాట కూడా అనలేదు. అందుకే అది నాకు ఇంకా గుర్తుంది.

కింద వేసిన కొత్త అట్ట విప్పేటప్పుడు చిరిగింది. బజారుకు పోయే వ్యవధి లేదు. చాచా నా కొత్త నోటుపుస్తకం అడిగి, దాని అట్ట మీద సిలిండరు పెట్టి గీసి, కత్తెరతో కోసి, నూనె పూసి వేశాడు. ఈసారి పాతవి ఎన్నని అడిగినప్పుడు నేను చిరిగిన ఆ అట్టను పక్కన పెట్టి, ఒక్కొక్కటి పైకెత్తి చూపిస్తూ చెప్పాను. తొమ్మిది. బండి రెండో కిక్కుకే అందుకుంది. బాపు పోయేటప్పుడు ఐసు పెట్టె అడుగున పిడికెడు మాత్రమే మిగిలింది.

మరునాడు మధ్యాహ్నం ఆయన మోకాళ్ల దాకా మట్టితో వచ్చాడు. ఐసు పూర్తిగా కరగకముందే చేరాడు. సూదులు ఎన్ని పశువులకు వేశావని అడిగితే, నూరు దాకా ఉంటాయన్నాడు. చూసి చెబుతున్నావా, యాదికి చెబుతున్నావా అని అడిగాను. బాపు నవ్వి, లెక్కపెట్టలేదని ఒప్పుకున్నాడు. వారం రోజుల తరువాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.

అట్ట కోసిన ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ముందు అట్టలో సిలిండరు అంచు ఆకారంలో పెద్ద కంత. మొదటి పేజీలో, బాపు తిరిగి వచ్చిన ఆ ఆదివారం నేను రాసిన మొదటి మాట, "పాతవి తొమ్మిది. చూసి రాసినది." ఆ తరువాత ఎన్నో పుస్తకాలు నిండాయి. వానపడిన రోజులు, బర్రె ఈనిన రోజులు, పిల్లలకు పళ్లు వచ్చిన రోజులు, అన్నీ తారీఖుతో ఉన్నాయి. నేను చూడనివి, లెక్కపెట్టనివి ఉన్నచోట ఖాళీ వదిలాను. ఆ ఖాళీలు చూసి నా భర్త జీవితమంతా నవ్వాడు.

ఇప్పుడు అదే వాకిట్లో మా మనవరాలు తన బండి విప్పుతుంది. ఎత్తుగా, పళ్లున్న టైర్లతో, గుట్టలెక్కడానికే చేసిన బండి. ఫోనులో చూసి నేర్చుకుంది, నాకంటే చాచాకంటే ఎక్కువే తెలుసు. అయినా రెండు డబ్బాలు పెడుతుంది, కుర్చీ వేసి నన్ను పాత డబ్బా పక్కన కూర్చోబెడుతుంది. పోయిన వారం నా మొదటి నోటుపుస్తకం తిరగేసి, మొదటి పేజీలో తారీఖు ఎందుకు లేదని అడిగింది. తారీఖులు రాయాలని ఇంకా తెలియని రోజు అది అని చెప్పాను. వెంటనే ఫోనులో ఆ ఏటి పంచాంగం తీసి, శ్రావణ మాసంలో ఆదివారాలు నాలుగే ఉన్నాయని చూపించింది.

"ఏదో ఒకటి రాసెయ్ అమ్మమ్మా. ఎవరు చూస్తరు?"

నాలుగింటిలో ఒకటి అయి ఉంటుంది. ఏదో నేను చూడలేదు. ఆ చోటు ఖాళీగానే ఉంది.