దాహం భూతాలు తిరిగొచ్చిన ఆదివారం

మొన్న మధ్యాహ్నం భోంచేసి, కునుకు పట్టక ఊరికే ఫోను తిప్పుతూ ఉంటే, మన చిన్నప్పుడు టీవీలో వచ్చిన ఆ గ్రహాల సీరియల్ కనబడింది. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎక్కడో పరదేశంలో తీసి హిందీ మాటలు అతికించినది, అట్టముక్కల రాకెట్టు, వెండి చొక్కా కెప్టెను. అందులోనూ దాహం భూతాలు రెండోసారి తిరిగొచ్చే భాగమే నా కంట పడింది. తల ముగ్గుబుట్టయిన దాన్ని, ఇంకా వాటిని చూస్తే నాకు నాలుక పిడచగట్టింది, నవ్వుకోండి.

వేంపల్లెలో మా వీధికంతా ఒకటే టీవీ, అదీ పక్కింటి ఖాలా వాళ్ళది, ఖాలా అంటే ఉర్దూలో పిన్నమ్మ. ఖాలా భర్త కువైటులో పని చేసేవాడు. ఆదివారం వస్తే పిల్లాజెల్లా అంతా వాళ్ళ నడవలో చాపల మీద సర్దుకొని కూర్చునేవాళ్ళం. హిందీ మాకు ఒక్క ముక్క వస్తే ఒట్టు. ఉర్దూ ఇంట్లో పుట్టిన ఖాలానే దిక్కు. గోడకు ఆనుకొని వక్కలు కత్తిరిస్తూ, తెర మీద వాళ్ళు ఒక మాట అనడమే తరువాయి, ఆమె దాన్ని తెలుగులో చెప్పేది, ఎంత చక్కగా చెప్పేదంటే కెప్టెను కూడా మా వేంపల్లెవాడే అనిపించేది.

దాహం భూతాలనే పేరు కూడా ఆమె పెట్టిందే. ఎండిపోయిన ఏదో గ్రహం నుంచి దిగి, మూతికుండే గొట్టంతో మనుషుల ఒంట్లోని నీళ్ళు పీల్చేస్తాయి. కడుపులో నీళ్ళుంటే వాసన పడతాయి. కెప్టెను వాటిని ఒకసారి తరిమాడు, మేమూ మరిచిపోయాం. మరుసటేడు మంచి ఎండల్లో, ఒక ఆదివారం సీరియల్ చివర్న, వచ్చే వారం అవే తిరిగొస్తున్నాయని చూపించారు.

ఆ సాయంత్రం నుంచి మా తమ్ముడు నీళ్ళు ముట్టలేదు. ఐదారేళ్ళ పిల్లోడు, బలవంతంగా పోస్తే ఉమ్మేసేవాడు. మన సీమ ఎండలు తెలియనివా, రెండు రోజులకే పెదవులు పగిలి, కళ్ళు లోపలికి పోయినాయి. అవ్వ మిరపకాయలు దిగదుడిచింది. నాయన రోజు మార్చి రోజు ఎత్తుకొని పోతే డాక్టరు సెలైను ఎక్కించి పంపేవాడు, ఇంటికొచ్చి వీడు మళ్ళీ నోరు బిగించుకునేవాడు. ఇట్లాగే ఉంటే పిల్లోడు దక్కడని డాక్టరు నాయనతో అన్నాడట, అమ్మ ఏడుపు ఆపలేకపోయాము.

ఎందుకు తాగడం లేదో వాడు నాకొక్కదానికే చెవిలో చెప్పాడు. భూతాలు వాసన పడతాయట. అవి రంజాన్ రోజులు. అంత ఎండలో ఖాలా పగలంతా చుక్క నీళ్ళు ముట్టకపోవడం వాడు చూస్తూనే ఉన్నాడు. హిందీ తెలిసిన మనిషి, వాటి సంగతి ఎరిగిన మనిషి, ఆమే తాగడం లేదంటే ఇంక చెప్పేదేముందని వాడి లెక్క! నేను పరిగెత్తి ఆ మాట ఖాలాకు చెప్పాను. ఆదివారం వాణ్ణి ఎత్తుకొని రమ్మంది.

ఆదివారం అమ్మ ఒడిలో వాడు వాడిపోయిన తోటకూర కాడలా పడుకొని చూశాడు. భూతాలు దిగాయి, పెద్ద భూతం ఏదో అరిచింది. ఖాలా వక్కల కత్తెర పక్కన పెట్టింది. “ఈసారి వాటి గొట్టాలు చెడిపోయినాయంట. నీళ్ళుండే మనిషిని ముట్టుకుంటే పగిలి చస్తాయంట. ఎండిపోయినోళ్ళ కోసమే ఎతుకుతాండాయి,” అంది. రోజాలో, అంటే ఉపవాసంలో, ఉన్న మనిషి అబద్ధమాడదని మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. తమ్ముడు లేచి చెంబెడు నీళ్ళు గటగటా తాగేశాడు. తాగి, చెంబు ముంచుకొచ్చి ఖాలా నోటికి పెట్టి, నువ్వూ తాగు, నిన్ను పట్టుకుంటాయి అని ఒకటే ఏడుపు. ఆమె వాణ్ణి గుండెకు హత్తుకొని, “నన్ను అల్లా చూసుకుంటాడు లేప్పా, నువ్వు తాగు,” అంది.

పెళ్ళయ్యాక షోలాపూర్‌లో కాపురం చేసి హిందీ నేర్చిన దాన్ని కనుక మొన్న ప్రతి మాటా అర్థమైంది. గొట్టాలు చెడిపోలేదు. ఈసారి ఒక్క చుక్క కూడా వదిలేది లేదని పెద్ద భూతం అరుస్తుంది, అంతే. ఎంత భక్తి గల మనిషి, నోరెండిన రోజాలో, ఆ పిల్లోడి కోసం ఎంత అబద్ధం మోసింది! కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చేశాను.

తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. కర్నూల్లో ఉంటాడు, వాడికిప్పుడు పెళ్ళీడు కూతురు. అంతా విని, “అక్కా, ఖాలా పేరేంది?” అన్నాడు.

నాకు తెలియదు. మేం ఖాలా అనేవాళ్ళం, పెద్దవాళ్ళు కువైటాయన భార్య అనేవాళ్ళు, మేం చదువుల్లో ఉండగానే వాళ్ళు ఇల్లు అమ్ముకొని వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ సీరియల్ తెలుగులోనూ దొరుకుతుంది, ఒక్క మాట పొల్లు పోకుండా ఫోనే చెబుతుంది, పక్కింటికి పోయే పనే లేదు. భయపడే పిల్లోడి ముఖం చూసి కథ మార్చే మనిషి మాత్రం అందులో లేదు, మాకున్న ఆ ఒక్క మనిషినీ పేరడగాలని మాకు తోచలేదు.