కుంచెతో గీసిన కళ్ళు

కిటికీ పక్కన పప్పుల డబ్బాకి ఫోన్ ఆనించి, టైమర్ పెట్టి, నా ఫొటో నేనే తీసుకున్నాను. చూస్తే, ఫొటోలో కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి.

మీకూ గుర్తుందా, స్టూడియోలో గొడుగు లైటు, మెడదాకా పౌడరు, "రెప్పెయ్యకే!" అన్న కేక? చిన్నప్పుడు గజపతినగరంలో నా మొదటి ఫొటోకి నేను రెప్ప వేసేశాను.

అది చూసి మా మామ్మ "ఏటిది, సచ్చినోళ్ళ ఫొటోలాగున్నాది!" అని ఏడుపందుకుంది. స్టూడియో ఆయన సన్న కుంచె తీసి, ఫొటోలో నా రెప్పల మీద పెద్ద పెద్ద కళ్ళు గీశాడు.

"ఏడవకు మామ్మా, ఇదిగో, నీ మనవరాలు సూస్తన్నాది."

ఇంటికొచ్చినవాళ్ళంతా గోడమీది ఆ ఫొటో చూసి "ఎంతేసి కళ్ళే దీనికి!" అనేవాళ్ళు. నేను వాటిని అద్దంలో వెతుక్కునేదాన్ని.

ఫోన్లో ఇందాకటిది చెరిపేసి మళ్ళీ నొక్కాను. అమ్మయ్య! చిన్నవే, కానీ నా కళ్ళే.