సునీత నోటుపుస్తకంతో అంబాజీపేట దాకా

రిటైరయ్యే ముందు ల్యాబు ఖాళీ చేస్తుంటే బీరువా అడుగున సునీత నోటుపుస్తకం దొరికింది. పందొమ్మిదేళ్ళ కిందట నా దగ్గర పీహెచ్‌డీకి చేరిన అమ్మాయి. లోహాలను కర్బన అణువులతో కలిపి కొత్త పదార్థాలు తయారుచేయడం మా పని. వాటిలో చాలావాటికి గాలి తగిలితే అంతే సంగతులు. అందుకే నైట్రోజన్ నింపిన ఫ్లాస్కులో పెట్టి, గ్రీజు రాసిన గాజు కుళాయి బిగించి దాచుకుంటాం. సునీత మూడు నెలలు ఫ్రిజ్‌లో పెంచిన ఊదారంగు స్ఫటికాలు ఒక సోమవారం పొద్దున్న గోధుమరంగు మడ్డిగా కనబడ్డాయి. పుస్తకం చివరి పేజీలో రాసుకుంది: "తప్పు నాదే. గ్రీజు సరిపోలేదు."

తప్పు ఆమెది కాదు. శనివారం ఒక అతిథి ముందు గొప్పలకు పోయి ఆ ఫ్లాస్కు పైకెత్తి తిప్పింది నేను. కుళాయి నా వేళ్ళ కిందే కదిలింది. మళ్ళీ బిగించి, ఏమీ కాదులే అనుకున్నాను. సోమవారం నోరు విప్పలేదు. ఆ స్ఫటికాలు మళ్ళీ రాలేదు. సునీత చదువు మానేసి తన ఊరు అంబాజీపేట వెళ్ళిపోయింది, అక్కడి కాలేజీలో పాఠాలు చెబుతోందని తర్వాత విన్నాను. నేను ప్రొఫెసర్నయ్యాను.

ఆ పుస్తకం ఆమెకిచ్చి నిజం చెప్పేద్దామని బయల్దేరి, పొద్దున్న ఆరున్నరకి రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురానికి రెండు గంటల పైనే పడుతుంది, టికెట్టు వందకి అటూ ఇటూ. దారిలో కాలువలూ అరటితోటలూ బాగుంటాయి. నేను ఒళ్ళో పుస్తకాన్నే చూస్తూ కూర్చున్నాను. అమలాపురంలో పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు తిని, అంబాజీపేటకి ఆటో ఎక్కాను.

"ఎవరింటికండీ?" అన్నాడు డ్రైవరు.

"కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే సునీత గారింటికి."

"ఆయ్! మా పాపకి ఆవిడే చెప్తారండి. బ్యూరెట్టు కుళాయికి వ్యాజిలిన్ రాసేక రెండుసార్లు చూపించాలంటండి. ఆవిడ ఒకసారి సరిగ్గా రాయక బంగారంలాంటి పని పోగొట్టుకున్నారంట. ఏటా పిల్లలకి చెప్తారంటండి."

దిగి వెనక్కి పోదామనిపించింది. ఎదురుగా కొబ్బరికాయల లారీ అడ్డంగా ఉండి పావుగంట ఆగిపోయాం. ఆ పావుగంటా అతను ఆవిణ్ణి మెచ్చుకుంటూనే ఉన్నాడు.

"మాస్టారూ! కబురు చేస్తే నేనే వద్దును కదండీ" అంటూ సునీత కుర్చీ తుడిచి, కొబ్బరినీళ్ళిచ్చింది. గ్లాసు పట్టుకునే అంతా చెప్పేశాను. కుళాయి కదిపింది నేనమ్మా, నీ గ్రీజు బాగానే ఉంది అన్నాను.

నేనిచ్చిన పుస్తకం అందుకుని పేజీలు తిప్పింది. "స్ఫటికాలు పోయేయని మానలేదండి. నా చేతికి ఈ పని రాదనుకుని మానేసేనండి." తన చేతులకేసి చూసుకుంది. "గ్రీజు బాగానే రాసేనన్నమాట."

తిట్టి ఉంటే బాగుండేది. భోజనం చేసి వెళ్ళమంది, తిన్నాను. ఆటో ఎక్కుతుంటే అడిగింది. "ఈ ఏడు పిల్లలకి ఏం చెప్పనండీ?"

"నా పేరు పెట్టి చెప్పు" అన్నాను. పుస్తకం చేత్తో పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళూ ఒక ఫ్లాస్కు పాడుచేశానని మాత్రమే బాధపడ్డాను. పాడుచేసింది ఒక మంచి కెమిస్టు జీవితాన్ని. పేపర్లు బోలెడు అచ్చయ్యాయి, ఒక్కటీ గుర్తుచేసుకోబుద్ధి కావడం లేదు. వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: అంబాజీపేటకి పొద్దున్నే చేరుకోండి, తర్వాత లారీలు దారివ్వవు. చెప్పాల్సిన మాట ఏదైనా ఉండి వెళ్తుంటే మాత్రం, ఆ సోమవారమే చెప్పేయండి.