మా వికీ మాన్యువల్‌లో మొదటి మాట

మా ప్రాంతానికి ఒక వికీ ఉంది. అంటే ఎవరైనా రాయగల, ఎవరు రాసింది ఎవరైనా దిద్దగల వెబ్‌సైటు. ఖమ్మం దాటి అడవి మొదలయ్యే దగ్గర నుంచి భద్రాచలం దాకా ఉన్న ఊళ్ళు, వాగులు, సంతలు, వంటలు అందులో పేజీలుగా ఉంటాయి. దాన్ని ప్రపంచం చదువుతుందని మొదట్లో అనుకున్నాం. ప్రపంచం ఇంకా తీరిక చూసుకుంటోంది.

నడిపేది ముగ్గురం. రిటైరైన సోషల్ టీచరమ్మ ఒకరు. పుట్టింది మధిరలో, ఉద్యోగమంతా భద్రాచలం చుట్టుపక్కల బళ్ళలో. రెండో మనిషి బొగ్గుబాయిలో ఓవర్‌మాన్, అంటే షిఫ్టులో దిగిన కార్మికుల పనికీ ప్రాణానికీ పూచీ పడే మనిషి. మూడోవాణ్ణి నేను, ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్పుకుంటాను. వికీలో నా పాత్ర వాళ్ళిద్దరి మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవడం. చూడ్డానికి చిన్న పనే గాని సెలవు దొరకదు.

టేకులపల్లిలో నా స్నేహితుడి ట్యూషన్ సెంటరు ఆదివారాలు ఖాళీగా ఉంటుంది. మా సమావేశాలు అక్కడే. సిగ్నల్ కిటికీ దగ్గరే వస్తుంది కాబట్టి ఎవరికి కోపం వచ్చినా ముగ్గురం భుజాలు రాసుకుంటూ కూర్చోక తప్పదు. మా స్నేహం నిలబడటంలో నెట్‌వర్క్ కంపెనీ పాత్ర ఉందని నా నమ్మకం.

మాన్యువల్ మాట తెచ్చింది ఓవర్‌మానే. కొత్తగా రాసేవాళ్ళందరికీ ఆయనే ఫోన్లో నేర్పేవాడు. షిఫ్టు దిగి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చునేసరికి ఎవరో ఒకరు. "అన్నా, రాసిందంతా పోయింది." "పోలే తమ్మీ, వెనుక దాక్కున్నది, పిలుద్దాం ఉండు." ఆ ఓపిక నాకు నా విద్యార్థుల మీద కూడా లేదు, వాళ్ళు ఫీజు కడతారు.

అప్పటికి ఆ వచ్చే వేసవిలోనే ఆయనకు రిటైర్మెంటు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి కల్లూరు దగ్గర తమ్ముడితో కలిసి వ్యవసాయం చూసుకోవాలని అనుకుంటూ ఉండేవాడు. ఒక ఆదివారం కిటికీ బయటికి చూస్తూ అన్నాడు. "నేను బోయినంక గూడ ఇది నడవాలె సార్. నేను పట్టుకుంటేనే నడిచేది ఆగినట్టే లెక్క." ఆయన మాటల్లో అంత పొడవైనది నేనెప్పుడూ వినలేదు. విషయం గంభీరమైనదని అప్పుడు అర్థమైంది.

మాన్యువల్ ఇద్దరూ రాశారు. విడివిడిగా. ఓవర్‌మాన్ రాసింది బాయి మీద వేలాడే సేఫ్టీ బోర్డులా ఉంది. ఎడిట్ నొక్కు. రాయి. సేవ్ నొక్కు. చూసుకో. అంతే. టీచరమ్మ రాసింది పుస్తకం. అందులో ముందుమాట, ఆశయాలు, మూలాలు ఎందుకు చూపాలి, పరుల వాక్యం పట్ల మర్యాద అనే అధ్యాయాలున్నాయి. ఎడిట్ బటన్ దాకా వచ్చేసరికి చదివేవాడికి పెళ్ళీడు వస్తుంది.

"ఇదేంది అక్కా, గింత రాస్తే ఎవలు సదువుతరు?"

"నీది చదివితే ఏమొస్తుంది తమ్ముడూ? నొక్కు, నొక్కు. లిఫ్టులో ఎక్కినట్టుంది."

"లిఫ్టెక్కితే పైకన్న పోతం గద."

వికీలో ఒకరు మార్చిందాన్ని ఇంకొకరు పాత రూపానికి తిప్పెయ్యవచ్చు. తిప్పినప్పుడు కారణం రాయాలి. ఆ కారణాల జాబితాను నేను రోజూ కాలేజీకి వెళ్ళే బస్సులో చదువుకునేవాణ్ణి. "అక్కగారి ముందుమాట బాగుంది, వెనుకకు పంపిన." "తమ్ముడి క్లుప్తత మెచ్చుకుంటూ నాలుగు పేరాలు కలిపాను." "కలిపినయి సదివిన, తీసిన, మన్నించుండ్రి." అన్ని నెలల్లో ఒక్క పరుషమైన మాట లేదు. స్టాఫ్ రూములో ఫ్యాన్ స్పీడు గురించి మేం మాట్లాడుకునే తీరు తలచుకుంటే ఆ జాబితాకు ఫ్రేము కట్టించాలనిపించేది.

ఆ చలికాలంలో భద్రాచలం వైపు గూడేల నుంచి కొంతమంది నేర్చుకోవడానికి వచ్చారు. రెండు మాన్యువళ్ళూ ప్రింటు తీసి ఇచ్చాం. ఎవరు ఏది చదివారో తెలియదు గాని చక్కగా రాశారు. ఒక అంగన్‌వాడీ టీచరు రాసిన వాగు పేజీని టీచరమ్మ చాలాసేపు చదివి, ఒక్క అక్షరం ముట్టుకోకుండా వదిలేశారు. ఆవిడ ఇచ్చే అత్యున్నత పురస్కారం అది.

తరవాత ఒక వింత మొదలైంది. గూడేలవాళ్ళు అడవి నుంచి సంతకు తెచ్చి అమ్మే ఇప్పపువ్వు మీద టీచరమ్మ రాసిన పేజీ ఎప్పటినుంచో ఉంది. దాని పక్కన ఇప్పపువ్వు మీదే ఆ అంగన్‌వాడీ టీచరు ఇంకో పేజీ పెట్టింది. తరవాత ఇంకోటి. వాగుల సంగతీ అంతే, ఒక్క వాగుకు దారిలో ఎన్ని ఊళ్ళుంటే అన్ని పేజీలు.

"ఒక్క పువ్వుకు గిన్ని పేజీలేంది?" అన్నాడు ఓవర్‌మాన్. "ఉన్నదాంట్లనే కలపాలె గద. ఎవలన్న దిద్దొచ్చని నీ పుస్తకంల ఉన్నది, నా బోర్డు మీద ఉన్నది."

"నీ బోర్డు మీద మరీ చిన్నగా ఉంది తమ్ముడూ."

"నీ పుస్తకంల మరీ లోపల ఉన్నది అక్కా."

నెల తిరిగేసరికి ఇద్దరూ ఆ వాక్యం అక్షరాలు పెద్దవి చేశారు. ఎవరూ ఎవరి పేజీనీ దిద్దలేదు. ఓవర్‌మాన్ మొహంలో మొదటిసారి దిగులు కనిపించింది. పేజీలు దిద్దేవాళ్ళు ముగ్గురమే ఐతే, ఆయన వెళ్ళాక ఇద్దరమే. అందులో ఒకడు నేను.

సంగతి కనుక్కుందామని టీచరమ్మ గూడేనికి బస్సెక్కారు. తోడు రానని చెప్పడానికి కారణం దొరక్క నేనూ ఎక్కాను. గూడెం అంగన్‌వాడీలో పిల్లలు గుడ్డు అన్నం తింటున్నారు. ఆ టీచరు వాళ్ళతో వాళ్ళ భాషలో, మాతో తెలుగులో, ఒలికిన పప్పుతో రెంటిలోనూ మాట్లాడుతోంది.

"ఇప్పపువ్వు మీద నా పేజీ చూశావా అమ్మా?"

"చూసిన మేడమ్. మంచిగ రాసిండ్రు."

"మంచిగా ఉంటే నువ్వు మళ్ళీ ఎందుకు రాశావు?"

ఆమె ఒక పిల్లాడి మూతి తుడిచింది. తుడవాల్సినదాని కన్నా ఎక్కువసేపు తుడిచింది.

"చెట్టెక్కి కోస్తరని రాసిండ్రు మేడమ్. కొయ్యరు. తెల్లారంగ రాల్తయి, ఏరుకుంటరు."

"మరి దిద్దలేదేం?"

"అది మీ పేజీ గద."

"ఎవరైనా దిద్దవచ్చని మాన్యువల్‌లో రాశాం కదమ్మా, అంత పెద్ద అక్షరాల్లో."

"అది అందరికీ రాసిండ్రు. మీరు నాకు చెప్పలే గద."

తరవాత ఆమే వివరంగా చెప్పింది. ఇప్పపువ్వు రాలే కాలంలో ఏ ఇంటివాళ్ళు చెట్టు కింద ఆకులు ఊడ్చి నేల సిద్ధం చేసుకుంటే ఆ చెట్టు పువ్వు వాళ్ళదే. అడవి అందరిదీ, అయినా ఊడ్చిన నేల మీద వేరేవాళ్ళు చెయ్యి పెట్టరు. "ఎక్కువ రాలితే వాళ్ళే పిలుస్తరు. పిలిస్తే పోయి ఏరుతం."

తిరుగు బస్సులో టీచరమ్మకు సీటు దొరకలేదు, కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నారు. ఇల్లెందు దాటాక, "మనం అనుమతి ఇచ్చాం నాయనా. పిలవలేదు" అన్నారు.

ఇక గొడవ తీరిందనుకున్నాను. కామర్స్ చదివినవాడికి మనుషులు అర్థమయ్యేది అంత మాత్రమే. ఓవర్‌మాన్ తన బోర్డులో ఇంకో మెట్టు చేర్చాడు. పేజీ రాసినవాళ్ళు దాని కింద ఒక పిలుపు రాయాలి, ఏ సంగతి తమకు సరిగ్గా తెలియదో చెప్పి, తెలిసినవాళ్ళను రమ్మనాలి. మర్యాద గురించి అధ్యాయం రాసిన టీచరమ్మే దానికి అడ్డం తిరిగారు.

"వ్యాసం కింద పిలుపేమిటి? శుభలేఖా? వ్యాసం గురించి మాట్లాడుకోవడానికి వెనుక చర్చ పేజీ ఉంది, అక్కడ రాసుకోమను."

"చర్చ పేజీ ఎవలు తెరుస్తరక్కా? గది ఇంటెనుక తలుపు."

"చదివేవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వుకుంట ఒకటి దిద్దిపోతరు."

ఆదివారాల మీద ఆదివారాలు ఇదే నడిచింది. ఆయన ఒక్కసారి కూడా తన రిటైర్మెంటు సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఆవిడ ఒప్పుకునేవారు, అందుకే ఎత్తలేదని నా అనుమానం.

చివరికి ఆవిడే, ఎవరికీ చెప్పకుండా, తన ఇప్పపువ్వు పేజీ కింద రాశారు. "ఈ పువ్వును నేను సంతలోనే చూశాను. అడవిలో చూసినవాళ్ళు వచ్చి నా తప్పులు దిద్దాలని పిలుస్తున్నాను." ముప్ఫయ్యేళ్ళకు పైగా ఇతరుల తప్పులు దిద్దిన మనిషి రాసిన వాక్యం అది. దాన్ని చదివి నేను బస్సు దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

వారం తిరక్కుండా వచ్చారు. అంగన్‌వాడీ టీచరు చెట్టెక్కడాన్ని తీసేసింది. ఇంకెవరో ఎండబెట్టే పద్ధతి కలిపారు. వేరే ఊరివాళ్ళు దాన్ని సవరించారు. పక్కన పుట్టిన పేజీలన్నీ ఒక్కటొక్కటిగా ఇందులో కలిశాయి. ఆదివారం టీచరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని మొత్తం చదివారు. ఆవిడ రాసింది సగం కూడా మిగల్లేదు.

"బాగానే ఊడ్చారు" అన్నారు.

ఆ సాయంత్రమే ఇద్దరూ ఒక్క మాన్యువల్ రాశారు. ఆయన మెట్లు, ఆవిడ మాటలు. మొదటి మాట మాత్రం "ఎడిట్ నొక్కు" గానే ఉండాలని ఆయన పట్టుబట్టాడు, అంత కాలం వాదించాక ఆవిడ అదొక్కటి ఆయనకు వదిలారు.

వేసవిలో ఆయన క్వార్టరు ఖాళీ చేశాడు. లారీలో బీరువా పక్కన కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి, తాడు కట్టి, మళ్ళీ విప్పి ఇంకోలా కట్టాడు.

కల్లూరు నుంచి కొన్నాళ్ళకు ఫోన్ చేశాడు.

"సార్, మన మాన్యువల్‌ను ఎవలో మార్చిండ్రు. చూసినవా?"

చూశాను. మార్చింది అంగన్‌వాడీ టీచరు. "ఎడిట్ నొక్కు" రెండో మెట్టుకు దిగింది. పైన కొత్త వాక్యం ఉంది. "ముందు మీ ఊరి సంగతి ఒకటి ఎవరికైనా చెప్పండి, వాళ్ళు ఏమడిగారో గుర్తుపెట్టుకుని రండి." మేం ముగ్గురం ఎన్ని ఆదివారాలు కూర్చున్నా మాకు తట్టని మాట.

"పాతదానికి తిప్పమంటారా?" అన్నాను.

అవతల ట్రాక్టరు చప్పుడు మెల్లగా దూరమైంది.

"ముట్టకు సార్. మంచిగున్నది. నాకు ఒక్క మాట కలపాలని ఉన్నది. కలపాల్నా అని ఆమెను అడుగుతూ చర్చ పేజీల రాసిన."

"ఏమన్నది?"

"ఆలోచించి చెప్తనన్నది."