తాళం పడ్డ రిపోర్టుల వెంట రెండు రోజులు

జనగామ నుంచి మహబూబాబాద్, అక్కణ్నుంచి భూపాలపల్లి. ఈ దారిలో చూడదగినవి చాలానే ఉండొచ్చు. నేను వెళ్లింది చూడటానికి కాదు, తిట్లు తినడానికి. వ్యాపారమంతా ఒక్కడి చేతిలో పెట్టి నిశ్చింతగా పడుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఇది చదవండి.

ఈ మూడు ఊళ్లలోనూ రక్తపరీక్షల ల్యాబులకు నేను రాసిన ప్రోగ్రామే నడుస్తుంది. పరీక్ష చేయగానే ఫలితం కంప్యూటర్‌లో కొడతారు, రోగి వచ్చినప్పుడు కాగితం తీసిస్తారు. ఆ రిపోర్టులు ఉండేది మాత్రం ల్యాబులో కాదు. ఒకే ఒక క్లౌడ్ కంపెనీ దగ్గర, ఎక్కడో వాళ్ల కంప్యూటర్లలో. నెలనెలా అద్దె కడుతున్నాను కదా, ఇంకేం భయం అనుకున్నాను.

రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. మా దిక్కు అందరూ దుకాణం బోర్డు మీద, బండి నంబరు మీద, పెళ్లి పత్రిక మీద ఆంధ్రప్రదేశ్ తీసేసి తెలంగాణ అని రాసుకుంటున్నారు. అదే ఊపులో నేనూ కంపెనీ ఖాతాలో మా చిరునామా మార్చాను. రుజువు చూపమన్నారు. కరెంటు బిల్లు పంపాను. బిల్లు మీద ఒక రాష్ట్రం, ఖాతాలో ఇంకో రాష్ట్రం. అంతే, ఖాతాకు తాళం వేశారు. ఫోన్ చేస్తే అవతల ఒకాయన, "అలాంటి రాష్ట్రం లేదు కదండీ మేడమ్, ఉన్నదే రాయండి, దానంతట అదే తెరుచుకుంటుంది" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చినా రాయనని ఫోన్ పెట్టేశాను.

నా హార్డ్ డిస్క్‌లో రిపోర్టుల కాపీ ఒకటి, నెల కిందటిది, ఉంది. దాన్ని ల్యాబుల్లోని కంప్యూటర్లలో వేసి, ఇకనుంచి అక్కడే పని నడిచేలా చేసి రావాలని బయల్దేరాను. ముందుగా పొద్దున్నే మా జనగామలోనే యాదగిరన్న ల్యాబుకు వెళ్లాను. కాపీ వేయనిచ్చాడు గానీ ముఖం మాడ్చుకునే ఉన్నాడు. "గీ నెల రిపోర్టులు రాకుంటే మాత్రం నేను వేరేటోళ్లను సూసుకుంట చెల్లె," అన్నాడు.

సమ్మెలో బస్సులు లేవు, రైళ్లే దిక్కు. ఎనిమిది దాటాక ప్యాసింజర్ వచ్చింది. కాజీపేటలో దిగి బండి మారాలి. స్టేషన్ బయట ఇడ్లీ బాగుంటుంది, చట్నీ మాత్రం నీళ్లు. రైల్లో ఎదురుగా కూర్చున్న, సమ్మెలో ఉన్న బడి సారు ఒకాయన నా గోడు విని, "మంచిగ జేసినవమ్మా, అస్సలు మార్చకు," అన్నాడు. ఆ మాటతో మహబూబాబాద్ దాకా గర్వంగానే కూర్చున్నాను.

అక్కడ దిగేసరికి మధ్యాహ్నమైంది. వెంకన్న ల్యాబు స్టేషన్‌కు నడిచేంత దూరమే. బెంచీ మీద ఒక తల్లి, ఆమె ఒళ్లో తొమ్మిదేళ్ల పిల్ల. గార్ల దిక్కు తండా వాళ్లట, తల్లి పేరు కమ్లి. పిల్లతో తమ భాషలో ఏదో చెబుతూ తల నిమురుతోంది. పిల్ల పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. వారం కింద రక్తం తీశారు, ఫలితాలు కంప్యూటర్‌లో కొట్టారు, కాగితం తీసేలోగా నా ఖాతాకు తాళం పడింది.

వెంకన్న నన్ను చూపించి, "గీమెనే," అన్నాడు. కమ్లి లేవలేదు. "వరంగల్ పెద్ద దవాఖానకు పొమ్మన్నరు. కాయిదం లేకుంటె మల్ల రక్తం తీస్తరంట. పోరికి రక్తమే లేదాయె. ఏడికెళ్లి తియ్యాలె?" అంది.

నాకు ఆమె మీద కోపం రాలేదు. వెంకన్న మీద కూడా రాలేదు. ఆ నవ్వినవాడి మీద వచ్చింది. ఒక పిల్ల రక్తం లెక్క వాడి దగ్గర పెట్టి, తాళం చెవి కూడా వాడికే ఇచ్చిన నా తెలివి మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఇంకో కంపెనీ దగ్గర రెండో కాపీ ఉండి ఉంటే ఆ నవ్వును వాడి మొహానే కొట్టేదాన్ని. లేదు కాబట్టి పక్క సందులోని ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని, పళ్లు కొరుకుతూ, ఖాతాలో ఆంధ్రప్రదేశ్ అని కొట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. సెంటర్ నడిపే అతను చూసి ఫ్యాన్ నా వైపు తిప్పాడు.

సాయంత్రానికి తాళం తీశారు. కమ్లి కాగితం పట్టుకుని, పిల్లను భుజానేసుకుని వరంగల్ బండికి పరుగెత్తింది. ఆ రాత్రి లాడ్జీలో దిగాను. నల్లులున్నాయి, వెళ్లేవాళ్లు దుప్పటి తీసుకెళ్లండి. ల్యాబు కంప్యూటర్‌కు తగిలించి వచ్చిన హార్డ్ డిస్క్‌లోకి మొత్తం రిపోర్టులు దిగేసరికి తెల్లారింది. వెంకన్నకు కాపీ ఇచ్చి, ఇంకో కంపెనీలో రెండో ఖాతాకు అక్కడి నుంచే డబ్బు కట్టి వరంగల్ రైలెక్కాను.

హన్మకొండ నుంచి భూపాలపల్లికి జీపులే. లోపల పది మంది, వెనక వేలాడేవాళ్లు వేరే. చెల్పూర్ దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తాయి. అది దాటి భూపాలపల్లి చేరితే అక్కడ కరెంటు లేదు. పక్కనే కరెంటు పుట్టించి ఊరికి కోత పెడితే తిట్టకుండా ఎలా ఉంటాం? తిట్టుకుంటూనే సదానందం ల్యాబులో చాయ్ తాగాను.

కరెంటొచ్చాక కాపీ వేసి, రెండు కంపెనీల సంగతీ చెప్పాను. సదానందం అంతా విన్నాడు. "అంత మంచిదే అక్కా. ఒక్క ముచ్చట అడుగుత, కోపం జెయ్యకు. గీ కాపీ నీ ప్రోగ్రాం లేకుంటె తెరుసుకుంటదా?"

తెరుచుకోదన్నాను.

"మరి రేపు నువ్వే తాళమేస్తే మేమెవలకు ఫోన్ జెయ్యాలె?"

నాకు చర్రున కోపం వచ్చింది. రెండు రోజులుగా నిద్రలేకుండా తిరిగింది ఇది వినడానికా? నేను ఆ ఫోన్‌లో నవ్వినవాడిలాంటిదాన్నా అని అరవబోయాను. కానీ సదానందం ఏ ఎటకారమూ లేకుండా, జవాబు కోసం చూస్తున్నాడు. ఖాళీ గ్లాసు పక్కకు జరిపి మళ్లీ కూర్చున్నాను. ఏ కంప్యూటర్‌లోనైనా, ఎవరి ప్రోగ్రామూ లేకుండా తెరుచుకునే మామూలు పట్టికలుగా రిపోర్టులన్నీ తీసిచ్చాను.

తిరుగు జీపులో వెంకన్నకు ఫోన్ చేసి, అలాంటి కాపీయే వాళ్లకూ పంపుతానని చెప్పాను.

"గట్లయితె రేపు నిన్ను ఇడిసిపెట్టి ఎవలి దగ్గరికన్న పోవచ్చు గదా అక్కా?" అన్నాడు.

"పోవచ్చు."

"మరెందుకు ఇస్తున్నవ్?"

"కోపంతోటి," అన్నాను.