తల లేని అమ్మవారికి పెట్టిన మరువం

ఇవాళ పూలకొట్టు దగ్గర మరువం వాసన తగలగానే గబగబా కొట్టు దాటి వచ్చేశాను. ఏడో తరగతిలో మనల్ని అమలాపురం నుంచి రాజమండ్రి మ్యూజియానికి తీసుకెళ్ళారు, గుర్తుందా? అక్కడ తల విరిగిన అమ్మవారి రాతి విగ్రహం చూసి, అలవాటుకొద్దీ జడలోని మరువం రెమ్మ తీసి పాదాల దగ్గర పెట్టి దణ్ణం పెట్టుకున్నాను.

"భిన్నమైన విగ్రహానికి మొక్కేవేంటే? ఇంటికి అరిష్టం," అంది పక్కనున్న సుబ్బలక్ష్మి.

అప్పటికి తమ్ముడు అమ్మ కడుపులో ఉన్నాడు, నెలలు నిండాయి. తిరుగుబస్సులో వంతెన మీద అందరూ గోదావరి చూస్తుంటే నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

ఇంటికి రాగానే ఏడుస్తూ చెప్పేశాను. అమ్మ నవ్వేసింది.

"ఆవిడకి తలే లేదుగా. ఎవరు మొక్కేరో ఎలా తెలుస్తుందే?"

మర్నాడు పొద్దున్న తులసికోట చుట్టూ రోజూ చేసే మూడు ప్రదక్షిణలయ్యాక అమ్మ ఆగలేదు. నడుం పట్టుకుని తిరుగుతూనే ఉంది. నాకు అసలు భయం అప్పుడు మొదలైంది.